పంచె కింద జీన్స్ ప్యాంటు

ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉంది. పెద్దదేమీ కాదు. పదడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు, నేలంతా పరుపు, పరుపు మీద తెల్లదుప్పటి. మా వీధిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కొన్నింటికి అద్దాల తలుపులు, ఏసీలు, గుమ్మం దగ్గర చీర కట్టిన బొమ్మలు కూడా ఉన్నాయి. మాకున్నదల్లా మా నాయన, ఆయన చేతిలో ఒక తెల్ల రుమాలు.

ఆ రుమాలు సంగతి ముందు చెప్పాలి. పెళ్లిచీర కొనడానికి వచ్చినవాళ్లు ఎంత నచ్చినా చివర్లో ఒక ప్రశ్న అడుగుతారు, రంగు పోతుందా అని. మా నాయన వెంటనే జవాబు చెప్పడు. పక్కనున్న చెంబులో రుమాలు కొస ముంచి, పిండి, చీర అంచు మీద నాలుగుసార్లు గట్టిగా రుద్ది, ఆ రుమాలును వాళ్ల ముందు పరుస్తాడు. అది తెల్లగానే ఉంటుంది. అప్పుడు 'రంగు పోదు' అంటాడు. ఆ రెండు మాటల తర్వాత ఆయన ఇంకేమీ అనడు, వాళ్లూ ఇంకేమీ అడగరు.

ఆ మాట అంగట్లో ఇంకెవరూ అనకూడదు. ఇరవై ఏళ్లుగా మా దగ్గర పనిచేసే సేల్స్‌మన్ అన్న కూడా అనడు. నేను డిగ్రీ చదివొచ్చి నాలుగేళ్లు ఆ పరుపు మీద కూర్చున్నాక కూడా నాకు రుమాలు ముట్టే యోగం పట్టలేదు. ఒకసారి కస్టమర్లు బస్సు టైమైందని తొందరపడుతుంటే నేనే చెంబులో చేయి పెట్టబోయాను. మా నాయన చెంబును అవతలికి జరిపాడు. తిట్టలేదు, కసురుకోలేదు, చెంబు జరిపాడంతే. ఆ రోజు రాగిసంకటి కూడా సయించలేదు నాకు.

అలాంటి ఇంట్లో పుట్టి, నేను ఏరికోరి రంగు పోయే ప్యాంటు కొన్నాను. రంగు పోవడమే దాని గొప్పతనం అని నమ్మి మరీ కొన్నాను.

రా డెనిమ్ అంటారు దాన్ని. మామూలు జీన్స్ మన దాకా రాకముందే మిషన్లలో ఉతుకుతారు, రాళ్లతో కలిపి తిప్పుతారు, తొడల దగ్గర గీకుతారు. దీన్ని మాత్రం నేసి, కుట్టి, నీళ్ల చుక్క తగలకుండా అమ్ముతారు. నలుపుకు దగ్గరగా ఉండే నీలం, అట్టలాంటి బిరుసు. మూలకు నిలబెడితే పడిపోకుండా నిలబడింది. దాన్ని వేసుకున్నవాడు ఎట్లా కూర్చుంటాడో, ఎట్లా నడుస్తాడో, జేబులో ఏం పెట్టుకుంటాడో దాన్నిబట్టి పైనున్న నీలం రుద్దుకుపోయి లోపలి తెలుపు బయటపడుతుంది. ఇద్దరు మనుషుల ప్యాంట్లు ఒకే రకంగా వెలవవు. గీతలు బాగా రావాలంటే మాత్రం ఆరునెలలు, ఓపికుంటే ఏడాది, ఉతక్కూడదు. ఈ జ్ఞానమంతా నాకు ఫోనులో వీడియోలు చూసి అబ్బింది. ధర ఎంతో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఇంట్లో చెప్పుకోలేని గొప్పలు చెప్పుకోవడానికి నాకు హిందూపురంలో ఒక స్నేహితుడున్నాడు. ఇద్దరం డిగ్రీ అక్కడే చదివాం. వాడు ఊరి బయట, విదేశాలకు బట్టలు పంపే ఫ్యాక్టరీలో, కొత్త జీన్స్‌ను పాతవిగా కనిపించేట్టు చేసే సెక్షన్‌లో సూపర్‌వైజర్. ఆదివారం ప్యాసింజర్ బండెక్కి, ప్యాంటు వేసుకొని వెళ్లి వాడి ముందు అటూ ఇటూ తిరిగాను. వాడు టీ గ్లాసు కింద పెట్టి, గుడ్డను వేళ్లతో నలిపి చూసి, నన్ను చాలా జాలిగా చూశాడు.

"మేము ముప్పావుగంటలో ఒక ప్యాంటును రెండేండ్లు పాతది చేస్తాము. నువ్వు రెండేండ్లు కష్టపడి రెండేండ్లు పాతది చేస్తానంటాండావు. దీనికి డిగ్రీ చదవల్లనా?"

అన్నాడే గాని వాడికీ ఆశ పుట్టింది. పొద్దున లేచినప్పటి నుంచి ఉప్పుకాగితంతో ఒకే చోట ఒకే గీత గీయించేవాడికి, నిజం గీత ఎట్లా ఉంటుందో చూడాలని ఉండదా? పందెం వేసుకున్నాం. నేను ఏడాది ఉతక్కుండా వేసుకోగలిగితే, ఆ ప్యాంటును వాడు, కొత్త మోడళ్లు తయారుచేసే వాళ్ల శాంపిల్ మాస్టర్‌కు చూపించాలి. నడుమ ఉతికితే నేను వాడి సెక్షన్ మొత్తానికి బిర్యానీ పెట్టాలి. వాడి సెక్షన్‌లో నలభైమంది. నేను గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను.

ఉతకడం వేరు, మొదట్లో ఒక్కసారి నానబెట్టడం వేరు. కొత్తగుడ్డ నీళ్లు తగలగానే కుంచించుకుపోతుంది కాబట్టి నడుము రెండంగుళాలు, పొడవు మూడంగుళాలు ఎక్కువున్నది తీసుకున్నాను. వేసుకునే నానితే ఒంటికి సరిగ్గా కూర్చుంటుందని వీడియోలో ఎవడో చెప్పాడు. స్నానాలగది తొట్టిలో వేన్నీళ్లు పోసుకొని, ప్యాంటుతోనే అందులో దిగి, అరగంట కూర్చున్నాను. మా అమ్మ బయటినుంచి రెండుసార్లు తలుపు కొట్టి, ఒంట్లో బాగుందా అని అడిగింది. ఆ తర్వాత మిద్దె ఎక్కి, ఎండలో కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు చాచి నిలబడ్డాను. పక్కింటి మిద్దె మీద వడియాలు పెడుతున్న ఆమె కాసేపు చూసి, గిన్నె తీసుకొని కిందికి వెళ్లిపోయింది.

ప్యాంటు మాత్రం కొలత తీసి కుట్టినట్టు కుదిరింది. అద్దం ముందు నన్ను చూసుకొని నేనే మురిసిపోయాను. నడుము నుంచి కింద పాదాల దాకా ఒళ్లంతా నీలంగా అయిందన్నది మరుసటిరోజు స్నానంలో గాని తెలియలేదు. సున్నిపిండితో రుద్దినా వారం దాకా పోలేదు.

అసలు చిక్కు అంగట్లో మొదలైంది. ఫిట్టింగు చూసుకున్నది నేను నిలబడి. నా బతుకేమో బాసింపట్టు వేసుకొని కూర్చునే బతుకు. మొదటిరోజు పరుపు మీద కూర్చోబోతే మోకాళ్లు వంగలేదు. కాళ్లు ముందుకు చాపుకొని, కట్టు కట్టించుకున్నవాడి మాదిరి కూర్చొని చీరలు చూపించాను. మా నాయన చూసి, ఆస్పత్రికి పోయి రమ్మన్నాడు.

పదిరోజులకు గుడ్డ లొంగింది. మోకాళ్లు మడతపడ్డాయి, నడుము ఒక అంగుళం సాగింది, బాసింపట్టు కుదిరింది. నేను లేచి చూసుకుంటే, కూర్చున్నచోట తెల్లదుప్పటి మీద రెండు గుండ్రటి నీలం మచ్చలు. దుప్పటి తిప్పి వేశాను. రెండోవైపు కూడా నాలుగు రోజుల్లో అదే పని. దుప్పట్లు ఉతికే మా అమ్మ వాటిని తెచ్చి మా నాయన ముందు పరిచింది. ఆయన రుమాలు చూపించినట్టే ఉంది ఆమె పరిచిన తీరు.

మా నాయన ఆ దుప్పటిని చుట్టి పక్కన పడేశాడు. రంగు పోయే గుడ్డ మన అంగడి గడప దాటి రాకూడదని, నీకు వేసుకోవాలనుంటే రోడ్డు మీద వేసుకోమని అన్నాడు. వెనక గదిలో మేకుకు ఒక తెల్లపంచె తగిలించి, పరుపెక్కే ముందు ప్యాంటు విప్పేసి అది కట్టుకోవాలని తీర్మానించాడు.

అప్పుడు నేను లెక్కలు వేశాను. అంగడి పొద్దున పదికి తెరిస్తే కట్టేసేది ఎనిమిదిన్నరకు. పదిన్నర గంటలు పంచెలో ఉంటే ప్యాంటుకు మిగిలేది బండి మీద పోయే పావుగంట, వచ్చే పావుగంట. ఆ లెక్కన గీతలు నా రిటైర్మెంటుకు వస్తాయి. పందెం పోతుంది, పరువు పోతుంది, నలభైమంది బిర్యానీ తింటారు.

వెనక గదిలో తలుపేసుకొని, ప్యాంటు అంచులను పిక్కల నడుమ దాకా బిగుతుగా మడిచి, దాని మీదే అడ్డపంచె కట్టుకున్నాను.

ఎవరూ కనిపెట్టలేదు. మా నాయనైతే, ఈమధ్య రొంత ఒళ్లు చేసినావు అని సంతోషించాడు కూడా. రోజుకు పదిన్నర గంటలు నా ప్యాంటు పంచె చాటున, పట్టుచీరల మధ్య, హాయిగా వెలవడం మొదలుపెట్టింది. పంచె లోపలివైపు నీలమవుతుంటే, బయటికి తెలియకముందే మార్చేస్తూ వచ్చాను. చీరలు మా నాయనవి, పంచెలు కూడా మా నాయనవే. రెండు నెలలు అట్లా గడిచాయి. తప్పు చేస్తున్నానన్న బాధ లేదు, ఎంత తెలివైనవాణ్నో అని లోపల లోపల ఒకటే సంబరం.

మే నెల వచ్చింది. ముహూర్తాల రోజులు. ఒక మధ్యాహ్నం పెనుకొండ పక్కన పల్లె నుంచి ఒక రైతు కుటుంబం వచ్చింది. పెళ్లికూతురు, వాళ్లమ్మ, వాళ్లవ్వ. ఆ ఇంట్లో అంతకుముందు పెద్దమ్మాయి పెళ్లికీ మా అంగట్లోనే కొన్నారు. రెండు గంటలు చూశారు. చివరికి మీగడరంగు చీరకు నెమలికంఠం నీలం అంచున్నది ఒకటి పెళ్లికూతురి కళ్లలో పడింది. ఆ పిల్ల చీర మీద చేయి వేసి తీయలేదు.

కట్టుకుంటే ఎట్లా ఉంటుందో చూడాలన్నారు. ఆ పని ఎప్పుడూ మా సేల్స్‌మన్ అన్నది. మా ఊరి అంగళ్లలో మగవాళ్లే చీర చుట్టుకొని చూపిస్తారు. ఆయన కుచ్చిళ్లు పట్టి, నడుముకు దోపి, పైట భుజాన వేసుకొని రెండడుగులు నడిచాడంటే బేరం అయిపోయినట్టే. కానీ ఆ రోజు ఆయన తలుపుల ఊళ్లో బామ్మర్ది కొత్తింటి చేరిక అని సెలవు పెట్టాడు. అవ్వ నావైపు చూసి, నువ్వే చుట్టుకోని చూపించప్పా అంది. మా నాయన సరేనన్నట్టు తలూపాడు.

చుట్టుకున్నాను. పంచె మీద చీర, పంచె కింద జీన్స్. మా పాప కంటే నీకే బాగుండాదని అవ్వ నవ్వింది. ఇంతటితో అయిపోయేదే, కానీ మగపెళ్లివాళ్లకు కూడా చూపించాలన్నారు. వాళ్లది హిందూపురం. వీడియో కాల్ కలిపారు. ఫోనులోంచి ముగ్గురు ఆడవాళ్లు నన్ను ఇటు తిరగమన్నారు, అటు తిరగమన్నారు, వెనక్కి తిరగమన్నారు. పెళ్లికొడుకు అమ్మ కుచ్చిళ్లు విప్పార్చి చూపించమంది. ఆ నడుమ కరెంటు పోయింది. మా ఇన్వర్టరుకు లైట్ల వరకే ఓపిక. ఫ్యాను ఆగిపోయిన మే నెల మధ్యాహ్నం, మూడు గుడ్డల కింద, ఇరవై నిమిషాలు అట్లా గుండ్రంగా తిరిగాను. చెమట పిక్కల దాకా కారుతోంది. చివరికి ఫోను అవతల నుంచి, ఇదే ముహూర్తం చీర, ఇంక వేరేది చూడొద్దు అని ఖాయం చేశారు. పెళ్లికూతురు మొహం వెలిగిపోయింది.

చీర విప్పి మా నాయన చేతికి ఇచ్చాను. అవ్వ అడగాల్సింది అడిగింది, రంగు పోతుందా అని. మా నాయన నవ్వుతూ రుమాలు తడిపాడు. చీరను ఒళ్లో పరుచుకున్నాడు. పరుచుకొని ఆగిపోయాడు.

మీగడరంగు మీద, నీలం అంచుకు జానెడు దూరంలో, అరచేయంత నీలం మచ్చ. పక్కనే ఇంకొకటి. మా నాయన మచ్చ మీద రుమాలు అద్దాడు. రుమాలుకు నీలం అంటింది.

నేను ఆయన మొహం చూశాను. అంతకుముందు గాని, ఆ తర్వాత గాని ఆ మొహం నేను చూడలేదు. ఇంట్లో మనిషి పోయినట్టు ఉంది. రుమాలును రెండుసార్లు తిప్పి చూసుకొని, నెమ్మదిగా చీర మడతపెట్టాడు.

"పెద్దమ్మా, ఈ చీర మీకు ఇయ్యను. అంచు రంగు పోతాండాది."

పెళ్లికూతురి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మ ఫోను వైపు చూసింది, ఇప్పుడు హిందూపురంవాళ్లకు ఏం చెప్పాలన్నట్టు. అవ్వ మాత్రం గొంతు తగ్గించి అడిగింది, మరి పెద్దపాపకు తీసుకుపోయిన చీరలు కూడా ఇట్లాగేనా అని. ముప్పై ఏళ్లుగా ఆ రెండు మాటలే ఆయన ఆస్తి. ఆ ప్రశ్నతో అది పోయినట్టే. ఆయన ఫోను తీసి, మా పట్టుకు రంగులు వేసే ముసలాయనకు కలపబోయాడు. వాళ్లిద్దరూ కుర్రతనం నుంచి కలిసి పని చేస్తున్నారు. ఆ ఫోను కలిస్తే ఆ స్నేహం కూడా ఆ రోజుతో సరి.

అబద్ధం చెప్పను, ఒక్క నిమిషం ఊరకుందామనే అనుకున్నాను. చీర వెనక్కి పోతుంది, ముసలాయన రెండు తిట్లు తింటాడు, నా పందెం నాకు దక్కుతుంది. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. మా నాయన ఫోనులో ముసలాయన పేరు నొక్కబోతున్నాడు. అది చూసి ఇంక ఉండలేకపోయాను.

"నాయనా, అంచుది కాదు. నాది" అని, పంచెను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకున్నాను.

పిక్కల దాకా మడిచిన జీన్స్, చెమటకు తడిసి నల్లగా మెరుస్తోంది. పంచె లోపలివైపు ఇంకు సీసా ఒలికినట్టుంది. అందరికంటే ముందు తేరుకున్నది అవ్వే.

"ప్యాంటు మీద పంచె యాల కట్టుకున్నావప్పా? సలి పెడతాండాదా?"

పెళ్లికూతురు కళ్లనీళ్లతోనే నవ్వింది. వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మా నాయన నవ్వలేదు. పంచె విప్పేసి దగ్గరికి రమ్మన్నాడు. రుమాలు రెండో కొస తడిపి నా కుడితొడ మీద రుద్దాడు. చీర మీద అంత గట్టిగా ఎప్పుడూ రుద్దలేదు. రుమాలు నీలంగా వచ్చింది. మూడో కొస తడిపి చీర అంచు మీద నాలుగుసార్లు రుద్దాడు. అది తెల్లగా ఉంది. రెండు కొసలనూ అవ్వ ముందు పరిచి, 'రంగు పోదు' అన్నాడు. తలెత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అదృష్టమేమంటే ఆ చీర ఒంటరిది కాదు. మగ్గానికి ఎక్కించిన ఒకే పడుగులో మూడు చీరలు వస్తాయి. దాని తోబుట్టువు ఇంకా మగ్గం మీదే ఉంది. వారం రోజుల్లో దిగింది. మా నాయన నన్ను వెంటబెట్టుకొని రైలుబండిలో పెనుకొండకు, అక్కడినుంచి ఆటోలో వాళ్ల పల్లెకు తీసుకుపోయాడు. బయల్దేరే ముందు నా కాళ్ల వైపు చూసి తెల్లప్యాంటేనని ఖాయం చేసుకున్నాడు. అయినా అవ్వ మమ్మల్ని నమ్మలేదు. తానే తువ్వాలు తడుపుకొని వచ్చి, చీర అంచు రుద్ది చూసుకుంది. ఆ తర్వాత ఎందుకైనా మంచిదని నా ప్యాంటు కూడా రుద్ది చూసింది.

మచ్చ పడిన చీర మా ఇంటికి వచ్చింది. రంగులు వేసే ముసలాయన తనకు తెలిసిన విద్యలన్నీ చేశాడు. మచ్చ కదల్లేదు. మా అమ్మ దాన్ని కుచ్చిళ్ల లోపలికి పోయేట్టు కట్టుకొని పెళ్లిళ్లకు పోతుంది. బాగుందని ఎవరైనా అంటే, నా వైపు ఒక చూపు చూసి, మా వాడు ఏరినాడు అంటుంది.

మా నాయన నాతో ఎనిమిది రోజులు మాట్లాడలేదు. ప్యాంటును ఎప్పుడు పొయ్యిలో పెట్టమంటాడా అని ఎదురుచూస్తూ, బీరువాలో అడుగున దాచాను. తొమ్మిదోరోజు అంగట్లో ఎవరో ఆమె, చీర చేతిలో పట్టుకొని, రుమాలు రుద్దడం చూశాక కూడా నమ్మలేదు. రంగు పోయే గుడ్డయితే ఇట్లా రుద్దగానే తెలుస్తుందా అని అడిగింది. మా నాయన చెంబు పక్కన పెట్టాడు. నావైపు తిరిగి, ఎనిమిది రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"రేయ్, ఆ ప్యాంటు యాడ పెట్టినావు?"

ఇంటికి పరిగెత్తి, వేసుకొని వచ్చాను. గడప దగ్గరే నిలబడమన్నాడు. రుమాలు తడిపి నా కుడితొడ మీద రుద్ది, ఇదమ్మా రంగు పోయే గుడ్డ అని చూపించాడు. చీర మీద రుద్ది, ఇది పోని గుడ్డ అన్నాడు. ఆమె అప్పటికప్పుడే రెండు చీరలు తీసుకుంది.

ఆ రోజు నుంచి నాకు కొత్త ఉద్యోగం. గడప పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పరుపెక్కడానికి వీల్లేదు. చీర ముట్టడానికి వీల్లేదు. జీన్స్ వేసుకొని కూర్చోవాలి. ప్రశ్న రాగానే పోయి తొడ చూపించాలి. పగలంతా వేసుకోవాలన్న నా కోరిక అట్లా తీరింది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. ఎదురంగడివాళ్లు నన్ను శాంపిల్ అని పిలవడం మొదలుపెట్టారు. మెల్లమెల్లగా అలవాటైంది. సేల్స్‌మన్ అన్న ముందు మా నాయన కూడా, మన శాంపిల్ ఏడి, అని నోరుజారి నాలుక కరుచుకున్నాడు ఒకసారి.

ఏడాది నిండిన ఆదివారం హిందూపురం వెళ్లాను. మా స్నేహితుడు నన్ను వెలుతురులో నిలబెట్టి, చెయ్యి చూసి జాతకం చెప్పేవాడి మాదిరి నా ప్యాంటు చదివాడు. తొడల మీద అడ్డగీతలు చూసి, బండి నడుపుతావు అన్నాడు. మోకాళ్ల పక్కన ఏటవాలు గీతలు చూసి, బాసింపట్టు వేసుకుంటావు, ఇది మేము గీయలేము, ఎందుకంటే ప్యాంటేసుకొని ఇన్ని గంటలు ఇట్లా కూర్చునేవాడు లోకంలో ఉండడు అన్నాడు. పిక్కల నడుమ కాలు చుట్టూ తెల్లటి రింగు దగ్గర తికమకపడ్డాడు. కుడితొడ మీద మాత్రం రుమాలు మడతంత చదరంగా వెలిసిన మచ్చ చూసి పూర్తిగా ఓడిపోయాడు. ఇదేందప్పా, నేను ఐదేండ్ల నుంచి ఈ పనిలో ఉండాను, ఇట్లాంటిది చూల్లేదు అన్నాడు.

ప్యాంటును మాట ప్రకారం వాళ్ల శాంపిల్ మాస్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. నేను వాడి లుంగీ కట్టుకొని వాడి గదిలో ఎదురుచూశాను. మాస్టర్‌కు పిక్కల రింగు తెగ నచ్చి ఫొటోలు తీసుకున్నాడట. ఎక్కడో ఏదో దేశంలో, ఎవడో ఒకడు, మా నాయనకు కనపడకుండా మడిచిన మడత గుర్తును కాలికి వేసుకొని తిరుగుతున్నాడేమోనని అనుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

పందెం తీరింది కాబట్టి మా అమ్మ ప్యాంటును తొట్టిలో వేసింది. నాలుగు నీళ్లు మార్చినా నీలమే. ఉతికాక మళ్లీ బిగుసుకుంది, వేసుకున్న రెండు రోజులకు మళ్లీ నా ఒంటికి లొంగింది. అప్పటినుంచి రెండు నెలలకోసారి ఉతుకుతున్నాం. మూడో ఏట కాళ్ల సందున చిరిగింది. పట్టుచీరలకు రఫ్ఫు చేసేవాడు మిగిలిపోయిన పట్టుదారంతో అతికాడు. గుడ్డ ఇప్పుడు పాతదుప్పటంత మెత్తగా ఉంటుంది. మొదట మూలకు నిలబడిన ప్యాంటు ఇదేనంటే ఎవరూ నమ్మరు. నీలం పోయిపోయి కుట్ల సందుల్లో, జేబు లోపల మిగిలింది. కుడితొడ మీది చదరం మాత్రం పాలలా తెల్లబడింది.

పోయిన వేసవిలో మడకశిర నుంచి ఒక కుటుంబం వచ్చింది. సగం కన్నడంలో, సగం తెలుగులో మాట్లాడుకుంటున్నారు. పెద్దావిడ, దుడ్లు ఎంతైనా సరే గాని రంగు మాత్రం పోకూడదంది. మా నాయన పిలిచాడు. నేను కుర్చీలోంచి లేచి వెళ్లి, అలవాటు ప్రకారం తొడ చూపించాను. ఆయన రుమాలు తడిపి రుద్ది, ఆవిడ ముందు పరిచాడు.

రుమాలు తెల్లగా ఉంది.

ఆయన మళ్లీ రుద్దాడు. చదరం మీద కాకుండా ఎడమతొడ మీద, మోకాలి మీద, చివరికి జేబు అంచు మీద కూడా రుద్దాడు. రుమాలుకు ఏమీ అంటలేదు. మడకశిరవాళ్లు చీరలు కొనడానికి వచ్చినచోట ఈయన కొడుకు ప్యాంటు ఎందుకు తుడుస్తున్నాడో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఈ అంగట్లో నాకున్న ఒక్క పనీ పోయింది అనుకున్నాను. ఇంక ఆ కుర్చీ కూడా దక్కదు.

మా నాయన రుమాలును వెలుతురుకు పట్టి చూశాడు. దాన్ని మడిచి చెంబు మీద పెట్టాడు.

"పరుపెక్కు" అన్నాడు.

చెప్పులు విడిచి ఎక్కి, ఆయన పక్కన, జీన్స్‌తోనే, తెల్లదుప్పటి మీద బాసింపట్టు వేసుకున్నాను. ఆయన కొంచెం అవతలికి జరిగి చోటిచ్చాడు. ఆ పైన చెంబును నా వైపు జరిపాడు.

ఏం చేయాలో ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఏడుపొచ్చేట్టుంది, కస్టమర్ల ముందు బాగుండదు. రుమాలు కొస తడిపి, పిండి, చీర అంచు మీద నాలుగుసార్లు రుద్ది, పెద్దావిడ ముందు పరిచాను. అది తెల్లగా ఉంది. ఆ రెండు మాటలు మా నాయన అంటాడని ఎదురుచూశాను. ఆయన వీధిలోకి చూస్తున్నాడు.

"రంగు పోదు" అన్నాను.

పెద్దావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నా వెలిసిన ప్యాంటు చూసింది. నమ్మకం కుదరక మా నాయన వైపు తిరిగింది.

మా నాయన వీధిలోంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "వాడు చెప్పినాడు కదమ్మా."